కరెంటు వెలను నిర్ణయించు మండలి

అంగడిలో బియ్యము ప్రియమైనచో మఱియొక అంగడికి పోవచ్చును. విద్యుచ్ఛక్తి విషయమున మన కట్టి స్వేచ్ఛ లేదు. ఒక్క వీథిలో రెండు కంపెనీలు వేర్వేఱు స్తంభములు నాటుట వృథావ్యయము గనుక, ఒక ప్రాంతమునకు ఒక కంపెనీయే తీగలు వేసి సరఫరా చేయుచుండును. పోటీ లేనిచోట అమ్మువాడు చెప్పినదే ధర. పోనీ, ప్రభుత్వమే ధర నిర్ణయించుననుకొందమా, ఎన్నికల యేట ఒక రీతిగను, మఱుసటి యేట మఱియొక రీతిగను ఉండునను భయము కలదు. ఈ యిరువురికిని నడుమ నిలుచుట కేర్పడినదే విద్యుత్ నియంత్రణ మండలి.

పూర్వము విద్యుత్ బోర్డే కరెంటు నుత్పత్తి చేసి, పంచి, వెలయు తానే వేయుచుండెను. 1998వ సంవత్సరపు విద్యుత్ సంస్కరణల చట్టము ననుసరించి 1999లో ఆంధ్రప్రదేశ్ మండలి యేర్పడినది. 2003వ సంవత్సరపు కేంద్ర విద్యుత్ చట్టము రాష్ట్రముల మండళ్ల కన్నిటికిని ఒకే కట్టుబాటు చేసెను. 2014లో రాష్ట్రము విడిపోయిన పిమ్మట తెలంగాణమునకు వేఱు మండలి వచ్చినది.

మండలిలో అధ్యక్షునితో గూడ మువ్వురికి మించి సభ్యు లుండరాదు. ఇంత పెద్ద రాష్ట్రమునకు మువ్వురేనా యని మా విద్యార్థులు అడుగుదురు. తీర్పు చెప్పువారు మువ్వురే గాని, వారి క్రింద కార్యదర్శియు, ఇంజనీర్లును, లెక్కలు చూచువారును, న్యాయశాస్త్రము నెఱిగినవారును పనిచేయుదురు. సభ్యులను ఎంచుటకు సాధారణముగా మువ్వురి సంఘ మొకటి కూర్చుండును. దానికి హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన యొకరు అధ్యక్షులు. ఆ సంఘము ఒక్కొక్క ఖాళీకి రెండేసి పేర్లు సూచింపగా, ప్రభుత్వము వారిలో నొకరిని నియమించును. పదవి 5 ఏండ్లు, లేక 65వ యేడు నిండువఱకు. అదే పదవి మరల నీయరాదు. దిగిన పిమ్మట 2 ఏండ్లు ఏ వ్యాపారసంస్థయందును కొలువు చేయరాదు. ఈ నిబంధన మాకు మిక్కిలి నచ్చినది. రేపటి జీతము కొఱకు చూచువాడు నేటి తీర్పును నిష్పక్షపాతముగా చెప్పుట కష్టము గదా!

ఇక ధర నిర్ణయించు విధము. రాబోవు సంవత్సరమున తమకు ఎంత వ్యయమగునో, ఎంత రాబడి కావలెనో పంపిణీ కంపెనీలు మండలికి లెక్క చూపవలెను. వ్యయములో పెద్దభాగము కరెంటు కొనుటకే పోవును. అందుచే ఏ కేంద్రమునుండి ఏ ధరకు కొనుచున్నారో ఆ యొప్పందములను గూడ మండలియే పరిశీలించును. త్రోవలో నష్టమగుచున్న కరెంటునకు ఎవరు వెల చెల్లింపవలెను? కంపెనీయా, మనమా? మండలి యెదుట ఏటేట వచ్చు పెద్ద తగవులలో ఇది యొకటి. కంపెనీ తన కోరికలను సంగ్రహముగా ప్రకటింపవలెను. దానిని చూచి ఎవరైనను ఆక్షేపణ వ్రాయవచ్చును. బహిరంగ విచారణలో లేచి మాటాడవచ్చును. వకీలును పెట్టుకొన నక్కఱలేదు. అర్జీ అందిన 120 దినములలో మండలి తన యుత్తరువు నీయవలెను.

ప్రభుత్వము ఒక తరగతివారికి ధర తగ్గింపదలచిన తగ్గింపవచ్చును, కాని ఆ సొమ్మును ముందుగా తానే చెల్లింపవలెనని చట్టము. 2004 నుండి సేద్యమునకు ఉచితముగా నిచ్చుచున్న కరెంటు ఈ పద్ధతికి లోబడినదే. ఉచితమనగా ఎవరును చెల్లింపనిది కాదు.

ఈ లెక్కల వెనుక ప్రజల బ్రదుకు లున్నవి. 2000వ సంవత్సరమున మండలి తొలి ధరల యుత్తరువు వెలువడిన పిమ్మట గొప్ప ఆందోళన చెలరేగెను. ఆగస్టు 28వ తేదీని హైదరాబాదులోని బషీర్‌బాగ్ వద్ద పోలీసులు కాల్పులు జరుపగా నిరసనకారులు ప్రాణములు కోల్పోయిరి.

తలిదండ్రులకు ఒక్కమాట. మీ యింటి బిల్లులో తప్పు వచ్చినచో మండలికి వ్రాసిన లాభము లేదు. మొదట కంపెనీవారి ఫిర్యాదుల పరిష్కార వేదికకు వ్రాయవలెను. అక్కడ న్యాయము జరుగదని తోచిన, మండలి నియమించిన విద్యుత్ అంబుడ్స్‌మన్ కలడు. మండలి యుత్తరువు మీదనే అభ్యంతర మున్నచో ఢిల్లీలోని అప్పీలేట్ ట్రైబ్యునలునకును, అటుపై సుప్రీంకోర్టునకును పోవచ్చును.