గోడ మీది పద్యం... తెర మీదకి!

జైలు గోడ మీద బొగ్గుతో రాసిన పద్యాలు నిలిచాయి. మరి తెల్లవార్లూ ఆడిన చిందు? కళాకారులు వెళ్లిపోయాక వాళ్ల కళను ఇంటర్నెట్‌లో దాచే పనిలో ఏది దక్కుతోంది, ఏది జారిపోతోంది?

జక్రాన్‌పల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగి పడమటికి వెళితే నిజామాబాద్. పట్నాన్ని ఆనుకుని గుట్ట, గుట్ట మీద ఖిల్లా. ఇంకా పడమటికి సాగితే నిజాం చక్కెర ఫ్యాక్టరీతో పేరుపడ్డ బోధన్. ఆ మండలంలోనే అమ్దాపూర్. పూట పట్టని ఈ దారిలోనే ముగ్గురు పెద్ద కళాకారుల జాడలున్నాయి. వాళ్లలో ఇద్దరిని కంప్యూటర్ తెర మీద చదువుకోవచ్చు. మూడో మనిషిని మాత్రం చూడాలి, వినాలి. చదివితే చాలదు!

బొగ్గే కలం

నిజాం పాలన చివరి రోజులు. ఖిల్లాలోని జైల్లో దాశరథి కృష్ణమాచార్య ఖైదీ. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతోనే గోడల మీద పద్యాలు రాసేవారు. సిబ్బంది చెరిపేసేవారు. ఆయన మళ్లీ రాసేవారు. తోడుగా ఉన్న మరో ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. ఈయనా సామాన్యుడు కాదు. వంటపని చేసి, హోటల్లో సర్వరుగా ఉండి, పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన మనిషి. అచ్చేసిన పుస్తకాలను తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. 'ప్రజల మనిషి' నవల ఆయనదే. దాశరథి 1949లో వెలువడిన తన 'అగ్నిధార'ను ఈ జైలు మిత్రుడికే అంకితమిచ్చారు.

గోడ మీది బొగ్గు గీత ఎన్నాళ్లుంటుంది? మనుషులు గుర్తుపెట్టుకున్నారు, తర్వాత అచ్చులోకి ఎక్కించారు కాబట్టే ఆ పద్యాలు మిగిలాయి. అచ్చయిన పుస్తకానికి తర్వాతి మజిలీ స్కానర్. ఆచార్య రాజ్ రెడ్డి ఆలోచనతో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల వేల తెలుగు పుస్తకాలను స్కాన్ చేయించింది. దుమ్ముపట్టిన గ్రంథాలయ బీరువాలు తెర మీద తెరుచుకున్నాయి. కాపీరైట్ చిక్కులతో తర్వాత ఆ సైటే మూతపడింది. అప్పటికే నకళ్లు చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ శ్రమంతా ఏమయ్యేదో!

ఒకే జైలు, రెండు లెక్కలు

మన దేశంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల వరకూ హక్కులు వారసులవి. ఆళ్వారుస్వామి 1961లో కన్నుమూశారు. కాబట్టి ఆయన బతికుండగా అచ్చయిన పుస్తకాలు 2022 జనవరి 1 నుంచి జనం సొత్తు. ఎవరైనా టైపు చేసి నెట్‌లో పెట్టొచ్చు, అచ్చేసుకోవచ్చు. ఆయన పోయాక వచ్చిన 'గంగు' నవలకు లెక్క వేరు: అచ్చయిన ఏడాది నుంచి 60 ఏళ్లు. దాశరథి వెళ్లిపోయింది 1987లో. ఆయన పుస్తకాలు అలా అందరివీ కావాలంటే 2048 దాకా ఆగాలి. ఒకే జైల్లో ఉన్నా, చట్టం దగ్గరికొచ్చేసరికి ఇద్దరికీ 26 ఏళ్ల తేడా!

అన్నాళ్లూ ఎదురుచూడక్కర్లేని దారి ఒకటుంది. వారసులు ఒక్క కాగితం మీద అనుమతి రాసిస్తే చాలు. పేరున్న కవుల విషయంలో ఇది తేలికే. అసలు ఇబ్బంది ఒకటి రెండు సంపుటాలు తెచ్చి వెళ్లిపోయిన వాళ్లతో. పిల్లలు ఎక్కడున్నారో తెలియదు, తెలిసినా హక్కు తమదో కాదో వాళ్లకే తెలియదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం మొదలుపెట్టి, ఎక్కడెక్కడి పత్రికల్లోనో చెల్లాచెదురైన కథలను ఒక్కచోటికి చేర్చారు. ఆ సేకరణ తర్వాత వెబ్‌సైటుగానూ మారింది. మాస్టారు 2021లో పోయారు. ఎప్పుడో పాత వారపత్రికలో ఒకే ఒక్క కథ రాసిన తాతయ్య పేరును ఇప్పుడు మనవలు ఆ సైటులో వెతుక్కోవచ్చు.

ఎల్లమ్మ అడుగు ఎక్కడ?

ఇక మూడో మనిషి, అమ్దాపూర్ చిందుల ఎల్లమ్మ. చిందు భాగవతంలో పేరుమోసిన కళాకారిణి. మద్దెల, తాళం, తేలిక కర్రతో చేసిన కిరీటాలు, భుజకీర్తులు, పాట, మాట, ఆట... పొద్దుగూకాక మొదలైతే తెల్లారాల్సిందే. ఎన్నో భాగవతాల్లో ఆడవేషం మగవాళ్లే కడితే, చిందులో ఆడవాళ్లే ముఖానికి రంగు పూసుకుని నిలబడతారు. అలా నిలబడి ఊళ్లకు ఊళ్లను మేలుకునేలా చేసిన ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది.

యూట్యూబ్ పుట్టిందీ సరిగ్గా ఆ ఏడాదే.

ఎల్లమ్మ పేరుతో వెతికితే తెలుగు వికీపీడియాలో పేజీ కనిపిస్తుంది. ఊరు, పురస్కారాలు, పోయిన తేదీ... అన్నీ మంచి సమాచారమే. కానీ చిందు ఉన్నది అడుగులో, గొంతు విరుపులో, మద్దెలకూ కాలికీ మధ్య ఉండే ఆ బిగువులో! అదంతా అమ్మను చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్నది. దాన్ని దాచాలంటే రాత్రంతా జరిగే ఆటను మొదటి నుంచి చివరి దాకా, మంచి శబ్దంతో రికార్డు చేయాల్సిందే.

ఇప్పుడు పల్లెల్లో ఫోన్లకు కొదవలేదు. ఆట మొదలైతే పది ఫోన్లు పైకి లేస్తాయి. రెండు నిమిషాల ముక్క తీసి 'సూపర్ డ్యాన్స్' అని పెట్టేస్తారు. ఏ ఊరి మేళం, ఏ కథలో ఏ ఘట్టం, వేషం ఎవరిది? ఒక్క మాటా ఉండదు. పదేళ్ల తర్వాత ఆ కళాకారుడి కొడుకు వెతుక్కోవాలన్నా ఏ పేరుతో వెతకాలి? పైగా కళాకారుడికి తన ప్రదర్శన మీద 50 ఏళ్ల హక్కు ఉందని చట్టం చెబుతోంది. తీసే ముందు అడగడం, పేరు వేయడం, డబ్బొస్తే వాటా ఇవ్వడం... ఇవి దయతో చేసేవి కావు.

నెట్‌లో పెట్టేశాం, ఇక భద్రం అనుకోవడానికీ లేదు. మైస్పేస్ అనే సైటు ఒకప్పుడు ప్రపంచమంతటి గాయకులకు చిరునామా. సర్వర్లు మార్చే పనిలో 2003 నుంచి 2015 దాకా ఎక్కించిన పాటలు పోయాయని 2019లో చల్లగా చెప్పింది. అవి 5 కోట్ల దాకా ఉంటాయని అంచనా! అందుకే ఒక నకలు నెట్‌లో, ఒకటి ఇంట్లో హార్డ్‌డిస్కులో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఉంచుకోవాలి. పాటలన్నీ ఒకరి గూగుల్ ఖాతాలోనే ఉంటే, ఆ మనిషి తర్వాత ఎవరు తెరవాలో సెట్టింగుల్లో ముందే చెప్పిపెట్టే వీలుంది. రెండేళ్లు ఎవరూ ముట్టని ఖాతాను గూగుల్ తొలగించవచ్చని గుర్తుంచుకోవాలి.

ట్రంకుపెట్టెలో అమ్మమ్మ పాటల క్యాసెట్టో, తాతయ్య హరికథ టేపో ఉంటే ఇంకా ఆలస్యం చేయకూడదు. చెమ్మకు టేపు బూజుపడుతుంది, చుట్టలు అతుక్కుంటాయి, ప్లేయర్లూ దొరకడం తగ్గిపోయింది. క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి. వంత పాడింది ఎవరో, మద్దెల ఎవరిదో, అది ఏ ఊళ్లో ఎవరి పెళ్లిలో పాడిందో వాళ్లే చెబుతారు. ఆ మాటలు కూడా రికార్డు చేసి ఆ పాట పక్కనే పెట్టుకోవచ్చు.