దూర మొక్కటే, కాలము వేరు

పారిసు, న్యూయార్కు పట్టణముల నడుమ దూర మెంత? భూగోళముపై ఒక దారమును బిగించి కొలిచిచూడుడు. దారము ఉత్తరముగా వంగి న్యూఫౌండ్‌లాండు మీదుగా పోవును. అదియే దగ్గరి త్రోవ. సుమారు 3,600 మైళ్లు. ఎటునుండి కొలిచినను దూర మొక్కటే. అయినను విమానములు పడమరగా పోవుటకు ఎనిమిది గంటలకు పైగాను, తూర్పుగా వచ్చుటకు ఇంచుమించు ఏడు గంటలును పట్టుచున్నవి. ఈ భేదమునకు కారణమేమి?

మొదట గడియారముల భ్రాంతిని తొలగించుకొందము. పారిసు గడియారము న్యూయార్కు గడియారముకంటె సాధారణముగా 6 గంటలు ముందుండును. పారిసులో ఉదయము 10 గంటలకు బయలుదేరి 8 గంటలు ప్రయాణము చేసినవాడు దిగునప్పటికి న్యూయార్కులో మధ్యాహ్నము 12 గంటలే యగును. రెండు గంటలలో సముద్రము దాటితినని అతడు భ్రమపడరాదు.

"భూమి తూర్పునకు తిరుగుచున్నది గదా! పడమరగా పోవువారికి న్యూయార్కే ఎదురు రావలెను" అని కొందరందురు. అట్లు కాదు. భూమితో కూడ గాలియు తిరుగుచున్నది. పరుగెత్తు రైలుబండిలో బంతిని పైకెగురవేసినచో అది మరల మన చేతిలోనే పడును.

నిజమైన కారణము పైగాలి. ఉష్ణమండలపు వేడిమికిని ధ్రువప్రాంతపు చలికిని గల భేదముచేత గాలి కదలును. భూభ్రమణము దానిని తూర్పునకు మలపును. అందువలన 30,000 మొదలు 40,000 అడుగుల ఎత్తున ఒక వాయుప్రవాహము నదివలె పడమటినుండి తూర్పునకు సాగుచుండును. చలికాలమున దాని వేగ మధికము. ఏటివాలున పోవు పడవకును, ఏటికెదురు పోవు పడవకును గల భేదమే విమానములకును కలదు.

లెక్క వేయుదము. విమానపు వేగము గంటకు 550 మైళ్లు, గాలి వేగము 50 మైళ్లు అనుకొందము. గాలివాలున 600 మైళ్ల వేగముతో 6 గంటలు. ఎదురుగాలిలో 500 మైళ్ల వేగముతో 7 గంటల 12 నిమిషములు. రాకపోకలకు మొత్తము 13 గంటల 12 నిమిషములు. గాలియే లేనిచో 13 గంటల 5½ నిమిషములు చాలును. కావున గాలి ఒకచేత ఇచ్చినదానిని మరియొకచేత వడ్డితో కూడ పుచ్చుకొనుచున్నది!

పూర్వపు వైమానికులకు ఇది ప్రాణములతోడి పని. 1927 మే 8వ తేదీన నంజెస్సరు, కోలీ అను ఫ్రెంచివీరులు పారిసునుండి పడమరగా బయలుదేరి మరల కనబడలేదు. పండ్రెండు దినముల పిమ్మట లిండ్‌బర్గు న్యూయార్కునుండి ఒంటరిగా బయలుదేరి 33½ గంటలలో పారిసు చేరెను. పారిసునుండి న్యూయార్కునకు ఎక్కడను దిగక పోగలుగుట 1930 సెప్టెంబరు వరకు ఎవ్వరికిని సాధ్యము కాలేదు. ఆ నెలలో కోస్తు, బెలాంటు అనువారు 37 గంటల 18 నిమిషములలో ఆ పని నెరవేర్చిరి.

అందుచేతనే నేటికిని వైమానికుడు బయలుదేరుటకు ముందు గాలి సమాచారమును తెలిసికొని, ఇంధనమును మైళ్లనుబట్టి మాత్రమే గాక గంటలనుబట్టియు లెక్కించుకొనును. పటము మనకు దూరమును చెప్పును. కాలమును చెప్పునది గాలియే.