మత్తులో ఉన్నా చెవి జవాబు చెబుతుంది



కంటి ఆపరేషను సంగతి మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. చెవి ఆపరేషనంటే మాత్రం ఇంకా బెరుకే. చెవిలోపల చిన్న యంత్రం అమరుస్తారని వింటే ఓ ప్రశ్న తప్పక వస్తుంది. మనిషి మత్తులో ఉంటే అది పని చేస్తున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది? "వినబడుతోందా అమ్మా?" అని అడిగే వీల్లేదు కదా!

ముందు చెవి సంగతి చూద్దాం. కర్ణభేరి వెనక సుత్తి, దాగలి, అంకవన్నె అని మూడు బుల్లి ఎముకలున్నాయి. కర్ణభేరి అదురును ఇవి ఒకదాన్నుంచి ఒకటి అందుకొని, నత్తగుల్లలా చుట్టుకున్న లోపలిచెవికి చేరుస్తాయి. ఏళ్ళ తరబడి చీము కారి ఈ ఎముకలు పాడైనవాళ్ళలో కొందరికీ, మామూలు మిషను పెట్టుకుంటే చెవి పుండు పడేవాళ్ళకీ మధ్యచెవి యంత్రం అమరుస్తారు. వైబ్రంట్ సౌండ్‌బ్రిడ్జ్ అనేదాన్ని 1996లో స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో మొదటిసారి మనిషికి అమర్చారు. అందులో అదిరే భాగం బరువు 25 మిల్లీగ్రాములు, అంటే ఓ బియ్యపు గింజంత! దాన్ని దాగలికి తగిలిస్తారు. ఎముకలు లేకపోతే లోపలిచెవికుండే గుండ్రటి కిటికీకి ఆనిస్తారు.

చిక్కంతా ఇక్కడే. సరిగ్గా ఆనకపోతే అదురు లోపలికి పోదు. గాయం మానాక, కొన్ని వారాలకు గాని పైయంత్రం పెట్టి మీట వెయ్యరు. లోపం అప్పుడు బయటపడితే మళ్ళీ కత్తికి ఒప్పుకోవాల్సిందే.

అందుకని కొన్నిచోట్ల బల్లమీదే కొలిచి చూస్తున్నారు. పసిపిల్లల్ని నిద్రపుచ్చి చేసే బెరా పరీక్ష మీలో కొందరు చూసే ఉంటారు. ఇదీ ఆ జాతిదే. నుదుటి మీదా, చెవి దగ్గరా తీగలు అంటిస్తారు. పైయంత్రాన్ని శుభ్రమైన తొడుగులో ఉంచి, చర్మం మీద ఆనించి, టకటకమని శబ్దాలు పంపుతారు. మనిషి నిద్రపోయినా వినికిడి నరం నిద్రపోదు. శబ్దం అందిన సెకనులో నూరోవంతు లోపలే మెదడు అడుగుభాగం దాకా విద్యుత్తు అలలు లేస్తాయి. అవి ఎంతో స్వల్పం, మెదడులోని మిగతా అలజడిలో కలిసిపోతాయి. అందుకే వెయ్యి, రెండువేల సార్లు వినిపించి సరాసరి తీస్తారు. చేటలో చెరిగితే ఊక ఎగిరి గింజ నిలిచినట్టు, అలజడి పోయి అసలు అలలు తెరమీద నిలుస్తాయి. శబ్దం తగ్గించుకుంటూ పోయి, ఐదో అల ఎంత చిన్న శబ్దం దాకా కనిపిస్తుందో చూస్తారు. పెద్ద శబ్దానికి గాని రాకపోతే, యంత్రాన్ని కాస్త సర్ది మళ్ళీ కొలుస్తారు.

ఒక్కమాట గుర్తుంచుకోండి. యంత్రం సరిగా ఆనిందా లేదా అన్నదే ఈ కొలత చెబుతుంది. మాటలు ఎంత స్పష్టంగా అర్థమవుతాయో చెప్పదు. దానికి తర్వాత అభ్యాసమూ, ఇంట్లోవాళ్ళ ఓపికా కావాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషను చెబితే, ఖర్చెంత అని అడిగినట్టే, "బల్లమీద ఉండగానే కొలిచి చూస్తారా?" అని కూడా డాక్టరుగారిని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

సెలవు.