దుర్నిర్వహణమునకు మూల్యము

సాంకేతిక రంగమున అగ్రస్థానమందున్న సంస్థ దుర్నిర్వహణమునకు లోనయ్యును బ్రతుకగలదా యని పలువురు ప్రశ్నించుచున్నారు. బ్రతుకగలదనియే మా యభిప్రాయము. కాని యా బ్రతుకునకు మూల్యము చెల్లించువారెవ్వరో గూడ విచారింపవలసియున్నది.

2000 మొదలు 2014 వఱకు మైక్రోసాఫ్టునకు స్టీవ్ బాల్మరు ప్రధాన నిర్వాహకుడు. 2007లో ఐఫోను వెలువడగా ఆయన దాని వెలను జూచి పరిహసించెను. సెల్‌ఫోను రంగము చేజాఱిపోయెను. అయినను 2000లో సుమారు 2,300 కోట్ల డాలర్లుగా నుండిన సంస్థ వార్షికాదాయము 2013 నాటికి సుమారు 7,800 కోట్లకు పెరిగెను. ఇది యెట్లు సంభవించెను? కార్యాలయములలోని లెక్కలు, దస్త్రములు, గుమాస్తాల నేర్పు అన్నియు విండోసుతోను ఆఫీసుతోను ముడివడియుండెను. వానిని విడనాడుట సులభము గాదు. నోకియాకు అట్టి కోట లేకపోయెను. 2007లో సెల్‌ఫోనుల విక్రయమున దానికి సాటివచ్చు సంస్థ లేదు. కాని పాతఫోను చెడినవాడు మఱునాడే వేఱొక సంస్థ ఫోను కొనగలడు గదా! 2013లో నోకియా తన ఫోనుల వ్యాపారమును మైక్రోసాఫ్టునకే విక్రయింప నిశ్చయించెను.

2014 ఫిబ్రవరిలో హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల పగ్గములు చేపట్టిన పిదప మైక్రోసాఫ్టు తేఱుకొనెను. తెలుగువారికిది సంతోషదాయకమే. అయినను ఆయన విస్తరింపజేసిన అజ్యూరు, అనగా కంప్యూటర్ల శక్తిని దూరమునుండి అద్దెకిచ్చు వ్యాపారము, 2010లో బాల్మరు కాలముననే యారంభమయ్యెనని మఱవరాదు. పాత రాబడి సంస్థకు గడువు నిచ్చెను. ఆ గడువును సద్వినియోగ మొనర్చుటయే క్రొత్త నాయకుని నేర్పు.

ఇక మూల్యము మాట. నోకియా కొనుగోలునకై 2015లో మైక్రోసాఫ్టు 760 కోట్ల డాలర్లను నష్టముక్రింద వ్రాసికొనెను. సంస్థ చలింపలేదు. కాని 2014లో 18,000 మందిని, 2015లో మఱి 7,800 మందిని తొలగించుటకు నిశ్చయించెను. వారిలో పెక్కుమంది నోకియానుండి వచ్చినవారే. పన్నుల వివాదమువలన విక్రయమున చేరక నిలిచిపోయిన, చెన్నైకి సమీపమందలి శ్రీపెరుంబుదూరు నోకియా కర్మాగారము 2014 నవంబరులో మూతపడెను. తప్పులొకరివి, తిప్పలు వేఱొకరివి.

కావున అగ్రసంస్థ నిలిచినంత మాత్రమున దాని నిర్వాహకులు సమర్థులని తలపరాదు. కొనువానికి విడిచిపోవు స్వేచ్ఛ యున్నచోటనే నిర్వాహకుని తప్పు సత్వరము బయటపడును. ఆ స్వేచ్ఛను కాపాడుటయు, నిర్వాహకుల తప్పునకు పనివారు బలికాకుండ రక్షించుటయు ప్రభుత్వములకు సమానమైన విధులని మా దృఢవిశ్వాసము.