ఐ.పి. పెట్టేముందు అప్పుల కాయితాలు సర్దుకోండి

పల్లెల్లో ‘ఐ.పి. పెట్టాడు’ అంటే నలుగురి నోట్లో మట్టి కొట్టాడనే అర్థం స్థిరపడిపోయింది. ఈ చెడ్డపేరు తెచ్చింది కూలీలు కాదు. చీటీలు పాడించి, రైతుల దగ్గర సరుకు అరువుకు కొని, ఆస్తులన్నీ బావమరుదుల పేర మార్చి, రాత్రికి రాత్రి బోర్డు తిప్పేసిన ఆసాములే తెచ్చారు. నిందేమో పేదవాడు మోస్తున్నాడు. నిజంగా తీర్చలేని స్థితిలో ఉన్నవాడు కూడా కోర్టు గడప తొక్కడానికి సిగ్గుపడుతున్నాడు. కొందరు ఊరు విడిచిపోతున్నారు, కొందరు పురుగుమందు డబ్బా చేతికి తీసుకుంటున్నారు.

ఐ.పి. అంటే దివాలా పిటిషన్. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద, అప్పు తీర్చలేని మనిషి తనంతట తానే కోర్టుకు వెళ్లి ‘నా అప్పులివి, నా ఆస్తి ఇది’ అని చెప్పుకోవచ్చు. 500 రూపాయల బాకీ ఉన్నవాడికీ ఆ హక్కు ఇచ్చారు. 2016లో కొత్త దివాలా కోడ్ చేశారు గాని, అందులో వ్యక్తుల అప్పులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబరులో కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారి వరకే అమలులోకి తెచ్చారు. కాబట్టి కూలినాలి జనం ఈ పాత చట్టాన్నే తెలుసుకోవాలి.

సలహా కోసం సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్లను మేము మొదట అడిగేది ఒక్కటే: ‘ఎవరికి ఎంత బాకీ?’ చాలామంది ‘ఆయన్నే అడగాలండీ’ అంటారు. చిక్కంతా ఇక్కడే ఉంది. చాకిరీ మనది, అప్పు మనది, లెక్క మాత్రం షావుకారి పెట్టెలో ఉంది.

ఉదాహరణకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 20,000 తెచ్చారనుకోండి. ఏడాదికి వడ్డీ 7,200. రెండేళ్లకు 14,400. ప్రోనోటుకు మూడేళ్ల గడువు దాటకముందే షావుకారు పిలిచి, వడ్డీని అసలులో కలిపి 34,400కు నోటు తిరగరాయిస్తాడు. ఇక కాయితం మీద అసలు 20,000 ఎక్కడా కనపడదు. మధ్యలో ధాన్యం రూపంలో కొలిచింది, వాళ్ల చేలో చేసిన నాగళ్ల కూలి, ఏదీ కనపడదు. మితిమీరిన వడ్డీ గుంజిన అన్యాయపు లావాదేవీ అయితే పాత లెక్క తిరగదోడే అధికారం 1918 నాటి అధిక వడ్డీ రుణాల చట్టం కోర్టులకు ఇచ్చింది. కాని పాత నోటు ఆనవాలు, కట్టిన డబ్బుకు రుజువు లేకుండా దేన్ని తిరగదోడాలి?

అందుచేత వకీలు దగ్గరికి వెళ్లేముందే ఈ పనులు చేయండి.

మొదటిది, ఒక నోటుపుస్తకం కొనండి. ఒక్కో అప్పుకు ఒక్కో పేజీ. ఇచ్చినవాడి పేరు, ఊరు, ఏ సంవత్సరం, చేతికి వచ్చింది ఎంత, నోటులో రాసింది ఎంత, వడ్డీ ఎంత, సాక్షులెవరు, ఇప్పటిదాకా కట్టింది ఎంత. పిటిషన్‌లో అప్పులవాళ్లందరి పేర్లు, చిరునామాలు, బాకీలు చూపాలని చట్టమే చెబుతోంది. చుట్టం దగ్గర తెచ్చిన చేబదులు కూడా రాయండి.

రెండోది, కాయితాలు ఒకచోట చేర్చండి. బ్యాంకు పాసుపుస్తకం, సొసైటీ రసీదులు, బంగారం తాకట్టు చీటీ, ఎరువుల కొట్టు బిల్లులు, కౌలు కాయితం, కోర్టు నోటీసులు, డిక్రీ నకళ్లు. ఫోనులో డబ్బు పంపి ఉంటే ఆ లెక్క బ్యాంకులో తీయించండి. ఇకముందు ఎవరికి పైసా కట్టినా నోటు వెనక చెల్లు వేయించుకోండి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. కాని జాగ్రత్త: గడువులోపల సంతకంతో వేసిన చెల్లు ఆ రోజు నుంచి కొత్త గడువు మొదలుపెడుతుంది.

మూడోది, ఆస్తి జాబితా. సెంటు భూమి, గొడ్డూగోదా, ఇతరులు మనకు ఇవ్వాల్సిన బాకీ, అన్నీ. ఇక్కడ దాపరికం పనికిరాదు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో ఊరకే భార్య పేరనో తమ్ముడి పేరనో రాసిన భూమిని కోర్టు రద్దు చేయవచ్చు. కావాలని ఒక్కడికే బాకీ తీర్చి మూడు నెలల్లోపు పిటిషన్ వేస్తే ఆ చెల్లింపూ నిలవదు. మోసపు బుద్ధితో లెక్కలు, ఆస్తి దాచితే ఏడాది దాకా జైలు.

దాచనక్కర్లేనివి కూడా ఉన్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీద నుంచి తీయరాని తాళి వంటి నగ, వ్యవసాయదారుని పనిముట్లు, బతుకుతెరువుకు అవసరమని కోర్టు అనుకున్న పశువులు, విత్తనాలు, కూలివాడు కాపురముండే సొంత ఇల్లు, కూలి డబ్బు జప్తుకు రావు. అమీనా గుమ్మంలో నిలబడినప్పుడు ఈ మాట గుర్తుండాలి. డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయకూడదు. చెల్లించే శక్తి లేనివాడిని బాకీ పడ్డాడన్న ఒక్క కారణంతో జైలుకు పంపడం తగదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. శక్తి లేదని చూపడానికీ కాయితమే కావాలి.

ఐ.పి. సర్వరోగ నివారిణి కాదని కూడా చెప్పాలి. తాకట్టు పెట్టిన భూమి, బంగారం మీద తాకట్టుదారు హక్కు పోదు. సర్కారు బాకీ పోదు. చెక్కు చెల్లని కేసు ఆగదు. కోర్టు మిమ్మల్ని విడుదల చేసినా, మీకు జామీను నిలిచినవాడు విడుదల కాడు. డ్వాక్రా గ్రూపు అప్పయితే ఆ భారం తోటి ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. అందువల్ల ముందు వాళ్లతో కూర్చొని మాట్లాడాలి. మిగతా జప్తు కాగల ఆస్తి కోర్టు చేతికి పోతుంది. కనుక ఎకరం అర ఎకరం ఉన్నవాళ్లు తొందరపడి వేలుముద్ర వేయవద్దు. ఫీజు ఇచ్చుకోలేని ఎస్.సి., ఎస్.టి.లు, మహిళలు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు 1987 నాటి చట్టం కింద న్యాయసేవా సంస్థ నుంచి ఉచితంగా వకీలును కోరవచ్చు.

గ్రామ కమిటీలకు మా మనవి ఒకటి. చదవడం రాయడం వచ్చిన కుర్రవాళ్లు ఇద్దరు వారానికో సాయంత్రం వాడలో కూర్చుంటే నెలలో ప్రతి ఇంటి అప్పు లెక్క తేలుతుంది. అందరి లెక్కలూ పక్కపక్కన పెడితే ఒకే షావుకారి పేరు ఎన్ని ఇళ్లలో ఉందో, ఎంత వడ్డీ గుంజుతున్నాడో బయటపడుతుంది. అప్పుడది ఒక్కడి తలవంపు కాదు, ఊరి సమస్య. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ కూలీలకు, చేతివృత్తులవారికి, చిన్న రైతులకు రుణ విమోచన చట్టం చేశారు. అలాంటి చట్టం మళ్లీ కావాలని అడగాలన్నా, కోర్టులో నిలబడాలన్నా, ముందు మన లెక్క మన చేతికి రావాలి.