ఏటి పంచాంగం

చన్నీటి నదిలో ట్రౌట్ చేప కోసం ఈకల పురుగును విసిరే ఫ్లై ఫిషింగ్, హైదరాబాదు రాయదుర్గం నుంచి అమెరికాలోని రెడ్‌మండ్ వరకు సాగిన ఉద్యోగాల దారిలో తెలుగువారికి చేరువైన వినోదం. అందులోని ఆనందమంతా నదిని ఋతువుల వారీగా చదువుకోవడంలోనే ఉంది.

తెలుగులో ఏరు, ఏడు అనే రెండు మాటలకూ విభక్తి చేరేముందు ఒకే రూపం వస్తుంది: ఏటి ఒడ్డు అన్నప్పుడు అది నది, ఏటికోసారి అన్నప్పుడు అది సంవత్సరం. ఈ కలయిక యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఫ్లై ఫిషింగ్ స్వభావాన్ని వివరించడానికి ఇంతకన్నా అనువైన మాట దొరకదు. ఎందుకంటే ఈ విద్యను అభ్యసించేవారు ఏటిని చూసి ఏడాదిలో ఏ ఘట్టం నడుస్తున్నదో గుర్తిస్తారు, ఆ ఘట్టాన్ని బట్టి చేప ఎక్కడ నిలిచి ఏం తింటున్నదో ఊహిస్తారు. చేప గాలానికి తగలడం ఆ ఊహ నిజమైందనడానికి రుజువు; రుజువు దొరికాక చేపను తిరిగి నీటిలోకి వదిలేయడం చాలాచోట్ల ఆనవాయితీ, కొన్నిచోట్ల చట్టం.

దుర్గం చెరువు, చన్నీటి చేప

హైదరాబాదులో రాళ్ల గుట్టల నడుమ ఉన్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు అందించింది. నేడు దాని మీద 2020లో ప్రారంభమైన తీగల వంతెన, సమీపంలో 2019 నవంబరు నుంచి నడుస్తున్న రాయదుర్గం మెట్రో స్టేషను, చుట్టూ అద్దాల కార్యాలయాలు ఉన్నాయి. ఈ చెరువులోనూ, నగరం గుండా పారే మూసీలోనూ ట్రౌట్ బతకలేకపోవడానికి మొదటి కారణం నీటి వేడి. చల్లని నీరు ప్రాణవాయువును ఎక్కువగా పట్టి ఉంచుతుంది: సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలిగితే, 30 డిగ్రీల నీటిలో అది 7.6 మిల్లీగ్రాములకు తగ్గుతుంది. వేడి పెరిగేకొద్దీ చేప శరీరానికి కావలసిన ప్రాణవాయువు మాత్రం పెరుగుతుంది కాబట్టి, రాబడి తగ్గుతున్న సమయంలోనే ఖర్చు పెరిగిన సంసారంలా దాని పరిస్థితి తయారవుతుంది. ట్రౌట్ 10 నుంచి 16 డిగ్రీల మధ్య చురుగ్గా మేస్తుంది, 20 దాటితే నీరసిస్తుంది, 25 దరిదాపుల్లో ప్రాణాపాయంలో పడుతుంది. నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగల తెలంగాణ రాష్ట్ర చేప కొరమేను దక్కను చెరువుల్లో నిలదొక్కుకోవడానికి కారణం ఆ శరీరధర్మమే.

రంగారెడ్డి జిల్లా కందుకూరు ప్రాంతంలో నీటిని చల్లబరిచి, వడగట్టి, మళ్లీ మళ్లీ తిప్పే తొట్లలో రెయిన్‌బో ట్రౌట్‌ను పెంచే ప్రయత్నం ఇటీవల మొదలైంది. దానితో ఈ చేప హైదరాబాదు వంటగదికి దగ్గరైంది గాని, తొట్టిలోని నీటికి ఋతువు ఉండదు కనుక, ఇక్కడ చెప్పుకుంటున్న వినోదానికి అది చోటివ్వదు.

బరువు తాడుది, నటన ఈకది

సాధారణ గాలంలో సీసపు గుండు బరువు సన్నని దారాన్ని లాక్కుపోతుంది, బెండు నీటి మీద తేలుతూ చేప కొరికిన సంగతి చెబుతుంది, కొక్కేనికి గుచ్చిన వానపామో పిండిముద్దో ఎరగా పనిచేస్తుంది. ఫ్లై ఫిషింగ్‌లో ఈ ఏర్పాటు తలకిందులవుతుంది: ఇక్కడ ఎరకు బరువు దాదాపు ఉండదు, బరువంతా తాడులోనే ఉంటుంది. ట్రౌట్ కోసం ఎక్కువగా వాడే ఐదో నంబరు తాడులో మొదటి తొమ్మిది మీటర్లు సుమారు తొమ్మిది గ్రాములు తూగుతాయి; తొమ్మిది అడుగుల కర్రను వెనక్కీ ముందుకూ ఊపినప్పుడు ఆ బరువే గాలిలో చుట్ట విప్పుకుంటూ పోయి, చివర కట్టిన సన్నని పారదర్శక దారాన్నీ దాని కొసనున్న ఫ్లైనీ నీటి మీద మెత్తగా వాలుస్తుంది. ఫ్లై అంటే ఈకలు, ఉన్ని, వెంట్రుకలు కొక్కేనికి చుట్టి పురుగులా భ్రమింపజేసే బొమ్మ. నీటిపై తేలేదాన్ని డ్రై ఫ్లై అనీ, నీటి అడుగున బతికే పిల్ల పురుగును అనుకరించేదాన్ని నింఫ్ అనీ, చిన్న చేపలా కదిలేదాన్ని స్ట్రీమర్ అనీ అంటారు.

ఈ ఉపాయం ప్రాచీనమైనది. మాసిడోనియాలోని ఒక నదిలో జాలరులు కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడి ఈకలు కట్టి, మచ్చల చేపలను పట్టేవారని రోమన్ రచయిత ఈలియన్ సుమారు 1,800 ఏళ్ల కిందటే వర్ణించాడు. ఆ తరువాతి కాలంలో ఈ విద్యకు దక్షిణ భారతం నుంచి కూడా ఒక సరుకు వెళ్లింది: ద్వీపకల్పపు అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడి మెడ ఈకల మీద మైనపు చుక్కల్లా మెరిసే మచ్చలు నీటిలో చేపకంటిని తలపించడం వల్ల, బ్రిటన్‌లో ఫ్లైలు కట్టేవారు వాటిని విరివిగా వాడేవారు. అడవికోడి నేడు వన్యప్రాణి చట్టం రక్షణలో ఉంది.

విసరడం చేతికి సంబంధించిన నేర్పు. మిగిలినదంతా చూపుకు సంబంధించినది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మూతి పెట్టి, ఒక రాయి చాటున శక్తి ఆదా చేసుకుంటూ, పక్కనే వేగంగా పారే నీరు మోసుకొచ్చే పురుగుల కోసం కాచుకుని ఉంటుంది. గాలి నుంచి నీటిలోకి వచ్చే వెలుగు వంగడం వల్ల పై లోకమంతా దానికి సుమారు 97 డిగ్రీల కోణంలో ఒక గుండ్రని కిటికీలా కనిపిస్తుంది కాబట్టి, చేపకు వెనుక నుంచి వంగి నడవడం ఈ ఆటలో మొదటి పాఠం. ఫ్లై ప్రవాహ వేగంతోనే సాగాలి. తాడు లాగడం వల్ల అది నీటిని చీల్చుకుంటూ పోతే, దాన్ని డ్రాగ్ అంటారు, చేప దాన్ని నమ్మదు.

రెడ్‌మండ్ పక్కన ఒక ఆయకట్టు నది

మైక్రోసాఫ్ట్ తన భారత అభివృద్ధి కేంద్రాన్ని 1998లో హైదరాబాదులో నెలకొల్పిన నాటి నుంచి, నగరపు పడమటి ఐటీ నడవకూ వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌కూ మధ్య రాకపోకలు కుదురుకున్నాయి. రెడ్‌మండ్ నుంచి తూర్పుగా క్యాస్కేడ్ పర్వతాలు దాటి సుమారు 130 కిలోమీటర్లు వెళితే క్లీ ఎలమ్ అనే చిన్న పట్టణం, దాని పక్కన యాకిమా నది వస్తాయి. కొలంబియా నదికి ఉపనది అయిన యాకిమా 344 కిలోమీటర్ల పొడవులో చాలాభాగం పర్వతాల వాననీడలో పారుతుంది. పడమటి కనుమల వాననీడలోని తెలంగాణ మెట్టనేలలాగే ఆ లోయ కూడా కాలువల మీద ఆధారపడి యాపిల్, ద్రాక్ష, హాప్స్ పండిస్తుంది. ఈస్టన్ ఆనకట్ట నుంచి రోజా ఆనకట్ట వరకు ట్రౌట్‌ను పట్టినా వదిలేయాలి. ముల్లు లేని ఒంటి కొక్కెం తప్ప మరొకటి వాడరాదు, సహజమైన ఎర పెట్టరాదు. చేపల వేట లైసెన్సు సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. ఆదాయపు పన్ను లెక్కలకు అలవాటుపడిన భారతీయుడికి ఆ తేదీలు కొత్తవి కావు.

శిశిరంలో యాకిమా సన్నగా, తేటగా పారుతుంది. నీరు గడ్డకట్టే స్థాయికి దగ్గరపడటంతో ట్రౌట్ జీర్ణశక్తి మందగించి, లోతైన నిదాన ప్రవాహాల్లో గుంపుగా నిలుస్తుంది. దోమల్లా కనిపించే కుట్టని చిన్న పురుగులు తప్ప పైన ఏవీ ఎగరవు. అందువల్ల నింఫ్‌ను అడుగు తాకేంత లోతుగా, చేప నోటి ముందు నుంచి పదేపదే సాగనివ్వాలి. రోజులో వేట సాగేది ఎండ కాస్త వేడెక్కిన రెండు మూడు గంటలు మాత్రమే.

ఉగాదికి అటూ ఇటూగా ఆ నదిలో కొత్త ఏడు మొదలవుతుంది. ఫిబ్రవరి చివరి నుంచి స్క్వాలా అనే స్టోన్‌ఫ్లై, అంటే రాళ్ల కింద నింఫ్‌గా పెరిగి ఒడ్డుకు పాకివచ్చి రెక్కలు తొడిగే పురుగు, కనిపిస్తుంది; ఆడది గుడ్లు పెట్టడానికి మధ్యాహ్నం వేళ నీటిపై వాలుతుంది. చలికాలమంతా అరకొరగా తిన్న చేప ఆ మొదటి పెద్ద ముద్ద కోసం పైకి లేస్తుంది. మార్చి చివర మేఫ్లైలు వస్తాయి. నింఫ్‌గా నీటి అడుగున సాధారణంగా ఏడాది గడిపే ఈ పురుగుకు రెక్కలు వచ్చాక పనిచేసే నోరు కూడా ఉండదు, ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఇలా ఒకే జాతి పురుగులు ఒకేసారి నీటిని వీడి లేవడాన్నే హ్యాచ్ అంటారు. ఇదే కాలంలో రెయిన్‌బో ట్రౌట్ కంకర నేలలో తోకతో గుంట చేసి గుడ్లు పెడుతుంది. చుట్టూ ఉన్న నాచు రాళ్ల కంటే తేటగా కనిపించే ఆ గుంటల్లో కాలు పెట్టకుండా నడవడం వేటగాడి మర్యాద.

మే నెలలో కొండల మీది మంచు కరిగి నది పొంగుతుంది, దానితో పోటీపడి కాడిస్ పురుగులు సాయంకాలాల్లో మబ్బులా కమ్ముకుంటాయి. గ్రీష్మంలో తెలుగు పాఠకుడికి వింత అనిపించే సంగతి ఒకటి ఉంది: వాన లేని జులై, ఆగస్టు నెలల్లో యాకిమా ఎగువ భాగం నిండుగా పారుతుంది, ఎందుకంటే కీచెలస్, కాచెస్, క్లీ ఎలమ్ జలాశయాల నుంచి దిగువ ఆయకట్టుకు నీరు వదులుతారు. నడిమి నీటి వేగానికి తట్టుకోలేని చేప ఒడ్డు గడ్డి కిందకు చేరి, గాలికి జారిపడే మిడతల కోసం చూస్తుంది. వేటగాడు పడవలో సాగుతూ మిడత ఆకారపు ఫ్లైని ఒడ్డుకు అంగుళాల దూరంలో వాల్చాలి. నీరు 20 డిగ్రీలకు చేరితే వేట ఆపేయడం మంచి పద్ధతి, ఎందుకంటే ఆ వేడిలో పెనుగులాడిన చేప, వదిలినా కోలుకోకపోవచ్చు.

సెప్టెంబరు మొదట్లో ఫ్లిప్-ఫ్లాప్ అనే మార్పు జరుగుతుంది. ఎగువ యాకిమా గేట్లను క్రమంగా దించి, దిగువ పొలాలకు కావలసిన నీటిని రిమ్‌రాక్ జలాశయం నుంచి నాచిస్ ఉపనది మీదుగా పంపుతారు. సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చిన చినూక్ సాల్మన్ నిండు ప్రవాహంలో ఒడ్డు పైభాగాన గుడ్లు పెడితే, చలికాలంలో నీరు తగ్గినప్పుడు అవి ఎండిపోతాయి. ముందుగానే మట్టం తగ్గిస్తే, ఏడాది పొడవునా తడి ఉండే చోటే అది గుంట తవ్వుతుంది. 1980ల నుంచి అమలవుతున్న ఈ ఏర్పాటు వల్ల శరత్తులో నది మళ్లీ కాలినడకకు లొంగుతుంది, మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో చిన్న మేఫ్లైలు తేలుతాయి, నారింజరంగు అక్టోబర్ కాడిస్ కనిపిస్తుంది. చలికి ముందు ఒళ్లు చేసుకునే ట్రౌట్‌కు అదే చివరి విందు.

కొండెక్కిన చేప

అమెరికా వెళ్లకుండా రాయదుర్గంలోనే ఉండేవారికి దూరానికి బదులు ఎత్తు అక్కరకొస్తుంది. భారతదేశంలో ట్రౌట్ స్థానికం కాదు. మద్రాసు వైద్య సేవలో ఉంటూ చేపల శాస్త్రవేత్తగా పేరొందిన ఫ్రాన్సిస్ డే 1863లో దీన్ని నీలగిరులకు తేవడానికి చేసిన ప్రయత్నం ఫలించలేదు. కశ్మీరుకు 1899లో పంపిన గుడ్లు దారిలోనే చనిపోయాయి, 1900లో వచ్చినవి బతికాయి. నీలగిరుల్లో 1900ల తొలి దశకంలో రెయిన్‌బో ట్రౌట్ కుదురుకుంది. కశ్మీరులోని లిద్దర్, హిమాచల్‌లోని తీర్థన్, సైంజ్ నదుల్లో నేడు ప్రభుత్వ అనుమతితో వేట సాగుతుంది. అక్కడి బ్రౌన్ ట్రౌట్ చలికాలం మొదట్లో గుడ్లు పెడుతుంది కాబట్టి హిమాచల్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకు వేట నిషేధం. బంగాళాఖాతంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలను ఆపే విరామానికి మూలమైన తర్కమే దీనికీ మూలం. వానాకాలంలో హిమాలయ నదులు బురదతో పొంగుతాయి కనుక, వానలకు ముందరి వసంతం, తరువాతి శరత్తు మేలైన కాలాలు.

మన ఏరు, మన ఏడు

ఈ పరిజ్ఞానం తెలుగు నేలకు పరాయిది కాదు. రోహిణి కార్తె ఎండల తరువాత మృగశిర ప్రవేశించిన రోజున చేప తినే ఆచారం, తొలకరి రాత్రుల్లో ఉసిళ్లు లేచి నీటిపై రాలితే చేపలు పైకి వస్తాయన్న గమనిక, కొత్త నీటికి చేప ఎదురెక్కుతుందన్న ఎరుక, ఇవన్నీ ఏటి పంచాంగంలోని పుటలే. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం నుంచి ఎదురీదే పులస వాటిలో అత్యంత ప్రసిద్ధమైనది, దాని ప్రయాణం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిపోతుంది. నీలగిరుల్లో ట్రౌట్‌ను నిలపలేకపోయిన ఫ్రాన్సిస్ డే, పదేళ్ల తరువాత 1873 నాటి తన నివేదికలో, ఆనకట్టలు ఇలా ఎదురెక్కే చేపల దారిని మూసేస్తున్నాయని హెచ్చరించాడు.

యాకిమా కూడా ఆయకట్టు నదే. అక్కడి రైతుకూ గేటు ఎత్తే తేదీ ముఖ్యమే. అయినా నీటి విడుదల పట్టికలో ఒక చేప గుడ్లు పెట్టే వారాలకు చోటు దొరికింది, పంటకు అందవలసిన నీరు మరో దారిన అందింది. చన్నీటి ఒడ్డున రెండు మూడేళ్లు గడిపి రాయదుర్గానికి తిరిగివచ్చే తెలుగువారు ఆ చేపను వెంట తేలేరు, తేనక్కరలేదు కూడా. అక్కడి గేట్ల పట్టికను చదవడం నేర్చుకున్న కళ్లతో గోదావరి గేట్ల పట్టికను చూసి, అందులో పులసకు ఏ వారం ఉందని అడగగలరు.