బ్రిడ్జి పళ్ళు: లోహమా, పింగాణీయా, జిర్కోనియానా?

దవడ పన్ను పీకించుకున్నాక డాక్టరు ఒక చీటీ మీద మూడు నాలుగు ధరలు రాసిస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ ధరలు చూసే మాట తేల్చేస్తారు. అంతకన్నా ముందు చూడవలసింది ఒకటుంది.

ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్ళను అరగదీసి, తొడుగులు వేసి, మధ్యలో కట్టుడు పన్ను నిలపడమే బ్రిడ్జి. అరగదీసిన పన్ను మళ్ళీ పెరగదు. ఆ రెండు పళ్ళకూ ఎక్స్‌రే తీయించాలి. చిగురు జబ్బు ఉంటే ముందు అది నయం కావాలి. పునాది కదులుతుంటే పైన జిర్కోనియా వేసినా దండగే.

ఇక పదార్థం. పూర్తి లోహపు బ్రిడ్జి చూడటానికి వెండిలా ఉంటుంది గానీ ఖర్చు తక్కువ, గట్టిది, పన్నును ఎక్కువ అరగదీయనక్కర్లేదు. నోరు తెరిచినా కనబడని వెనక దవడకు నేటికీ మంచిదే. గిల్టు నగలు పెడితే దురద వచ్చేవాళ్ళు మాత్రం ఆ మాట డాక్టరుకు చెప్పాలి. చాలా లోహాల్లో నికెల్ ఉంటుంది.

లోహం మీద పింగాణీ వేసినది మన దగ్గర చాలామంది కట్టించుకునేది. కొన్నేళ్ళకు చిగురు అంచున నల్లటి గీత కనబడవచ్చు, పింగాణీ పెచ్చు ఊడవచ్చు. రాగి సంగటితో భయం లేదు, వక్క కొరికే అలవాటుతోనే.

జిర్కోనియాలో లోహం ఉండదు. ఒకే దిమ్మె నుంచి మరలో చెక్కినది దవడ బరువు మోస్తుంది. పైన పింగాణీ పూసినదైతే పెచ్చులూడే భయం దానికీ ఉంది. నిగనిగలాడే రకాలకు బలం కొంత తక్కువ. కాబట్టి ఏ రకమో అడగండి. లిథియం డైసిలికేట్ అందంగా ఉంటుంది, కానీ ముందు పళ్ళ దగ్గరి చిన్న ఖాళీకే.

మన ప్రాంతానికి ఇంకో చిక్కు ఉంది. 2013లో హొగేనకల్ నీళ్ళ పథకం మొదలయ్యేదాకా కృష్ణగిరి, ధర్మపురి పల్లెల్లో చాలామంది ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్ళే తాగారు. పాల పళ్ళు ఊడే వయసులోపు తాగిన ఆ నీళ్ళ గోధుమ రంగు మరకలు నేటి నడివయసు వాళ్ళ పళ్ళ మీద ఉన్నాయి. పక్కన తెల్లటి పన్ను పెడితే అతుకు వేసినట్టే ఉంటుంది. అందుకే పళ్ళు అరగదీయక ముందే, తడిగా ఉండగానే, పగటి వెలుతురులో రంగు ఎంచమని అడగండి. పన్ను ఆరితే తెల్లగా కనబడి లెక్క తప్పుతుంది. పళ్ళు పెద్దగా అరగదీయకుండా వెనక నుంచి రెక్కలతో అంటించే బ్రిడ్జి కూడా ఉంది గానీ, మరకలు ముదిరిన పంటికి జిగురు అంత బాగా పట్టదు.

బిల్లు మీద "క్యాప్" అని మాత్రమే రాస్తే ఒప్పుకోకండి. పదార్థం పేరు, పళ్ళ సంఖ్య రాయించండి. అరవంలో రాసిచ్చినా సరే, చదివించుకుని దాచుకోండి. బ్రిడ్జి కింద సందులోకి దూర్చి తోమే దారం ఎలా వాడాలో అక్కడే చేసి చూపించమనండి. లోపల చేరిన మెతుకుల వల్ల తొడుగు కింది పన్నే ముందు పుచ్చుతుంది.